చిరునామా, చోటు, జ్ఞాపకం: పాత వ్యక్తిగత కంప్యూటర్ల మెమరీ పటం - తెలుగు వివరణ భాషపై విమర్శ

వ్యాససంగ్రహం:

కంప్యూటరు మెమరీని తెలుగులో 'జ్ఞాపకశక్తి' అని చెప్పే అలవాటు బోధనలోనూ రచనలోనూ ఉంది. మెమరీకి ఉన్న ముఖ్య లక్షణం చిరునామా. ఆ మాట ఈ లక్షణాన్ని కనపడనివ్వదని ఈ వ్యాసం వాదిస్తుంది. 1981 తరువాతి వ్యక్తిగత కంప్యూటర్లు అమర్చిన మెమరీని ఎలా పంచుకున్నాయో పరిశీలిస్తే 'చిరునామా' వేరు, 'చోటు' వేరు అని తేలుతుంది. ఈ భేదాన్ని చెప్పగల భాష అవధాన సంప్రదాయంలోనూ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల భూమి లెక్కల్లోనూ సిద్ధంగా ఉందని చూపడం, ఆ పోలికల పరిమితులను నిర్ణయించడం, ఈ భేదం మరచినందువల్ల తెలుగు లిపికి కలిగిన నష్టాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశాలు.

కీలకపదాలు: మెమరీ, చిరునామా, శాస్త్ర పరిభాష, వ్యస్తాక్షరి, సర్వే నంబరు, పోరంబోకు, తెలుగు లిపి, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

శాస్త్ర పరిభాషపై తెలుగులో జరిగిన చర్చలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: సంస్కృత పదమా, అచ్చ తెలుగు పదమా, ఆంగ్ల పదమా? పదం పుట్టుక గురించిన ఈ ప్రశ్న అవసరమైనదే. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఎంచుకున్న పదం చదువరిని సరైన ఆలోచన వైపు నడిపిస్తుందా, పక్కదారి పట్టిస్తుందా? ఒక పారిభాషిక పదాన్ని విమర్శించేటప్పుడు దాని అందాన్ని కాక, దానితో ఎంత దూరం ఆలోచించగలమో చూడాలి.

ఇందుకు ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. ఒక పాత కంప్యూటరులో 1 మెగాబైటు మెమరీ అమర్చారు. అంటే 1,024 కిలోబైట్లు. కాని డాస్ కింద నడిచే ప్రోగ్రాములకు అందులో దక్కేది 640 కిలోబైట్లే. మిగిలిన 384 ఏమయ్యాయి? ఇరవై ఏళ్ల తరువాత అదే ప్రశ్న పెద్ద అంకెలతో తిరిగి వచ్చింది. 4 గిగాబైట్ల మెమరీ అమర్చిన యంత్రంలో 32 బిట్ల విండోస్ 3 గిగాబైట్ల చిల్లర మాత్రమే వాడుకోగలిగింది. మెమరీని 'జ్ఞాపకశక్తి'గా నేర్చుకున్న విద్యార్థి ఈ ప్రశ్నకు జవాబు ఊహించగలడా? లేడు. శక్తి కొంత ఉండి కొంత అక్కరకు రాకపోవడం అతనికి యంత్రంలోని లోపంగానో, అమ్మినవాడి మోసంగానో తోస్తుంది. నిజానికి అక్కడ లోపమూ లేదు, మోసమూ లేదు. ఉన్నది ఒక పటం. ఆ పటాన్ని చూపించలేకపోవడం మన మాటలోని లోపం.

2. 'జ్ఞాపకశక్తి', 'స్మృతి', 'ధారణ' - మూడు పదాల పరిశీలన:

'మెమరీ' అనే మాట ఆంగ్లంలోనూ రూపకమే. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రాసిన ఎడ్వాక్ నివేదిక యంత్ర భాగాలను నాడీకణాలతో పోల్చింది. 'మెమరీ' అనే వాడుకకు అటువంటి పోలికలే బలం ఇచ్చాయి. బ్రిటిష్ ఇంజనీర్లు మాత్రం చాలాకాలం అదే భాగాన్ని 'స్టోర్' అన్నారు. అంటే సరుకు నిల్వ చేసే కొట్టు. మొదటి మాట మనిషిని, రెండవది గదిని గుర్తుకు తెస్తుంది. లోకంలో మొదటిది నిలిచింది. మనం ఆ మొదటిదాన్ని తీసుకొని దానికి 'శక్తి'ని కూడా చేర్చాం. దాంతో గది పూర్తిగా మాయమైంది.

'జ్ఞాపకం' అనే మాటకు సంస్కృత వ్యాకరణంలో మరో అర్థం ఉంది. సూత్రంలోని ఒక అంశం నేరుగా చెప్పని నియమాన్ని తెలియజేస్తే దాన్ని జ్ఞాపకం అంటారు. అంటే తెలియజేసేది. తెలుగు వాడుకలో అది గుర్తుగా మారింది. 'స్మృతి' శ్రుతికి జంటగా, ధర్మశాస్త్రాల పేరుగా బరువెక్కిన మాట. పైగా స్మృతి అనగానే స్మరించే కర్త ఉండాలి. కంప్యూటరు మెమరీకి కర్త లేడు. ప్రాసెసరు ఒక అంకెను తీగల మీద పెడుతుంది. ఆ అంకె గల గడిలోని విలువ తిరిగి వస్తుంది. ఇందులో స్మరణ లేదు, అందుబాటు మాత్రమే ఉంది.

'ధారణ' కొంత దగ్గరి మాట. పట్టి ఉంచడం అనే అర్థం యంత్రానికి చక్కగా సరిపోతుంది. కాని అది కూడా అవధాని శక్తినే చెబుతుంది. మనకు కావలసిన పోలిక అవధానంలో ఉన్నా, అది ధారణలో కాక వ్యస్తాక్షరిలో ఉంది.

వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుసగా ఇవ్వడు. ఏడవ అక్షరం ఇది, మూడవ అక్షరం ఇది, పన్నెండవది ఇది అంటూ సంఖ్యతో పాటు అక్షరాన్ని అప్పుడప్పుడు అందిస్తాడు. అవధాని చివర వాటిని వరుసలో పెట్టి వాక్యం చెబుతాడు. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి స్థానాన్ని చెప్పే సంఖ్య, మరొకటి ఆ స్థానంలో ఉండే అక్షరం. ఏ సంఖ్య ముందు వచ్చినా ఇబ్బంది లేదు. యాదృచ్ఛిక ప్రవేశ మెమరీ అని మనం కష్టపడి అనువదించే 'ర్యామ్' స్వభావం సరిగ్గా ఇదే. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ భావం కొత్తది కాదు, దానికి కంప్యూటరు పేరు మాత్రమే కొత్త. ఈ వంతెనను వాడుకోకుండా 'జ్ఞాపకశక్తి' అని నేర్పడం అందుబాటులో ఉన్న సంపదను వదులుకోవడమే.

వ్యస్తాక్షరి ఇంకొక మెట్టు ఎక్కడానికి కూడా తోడ్పడుతుంది. వాక్యంలో ఇరవై అక్షరాలే ఉన్నప్పుడు నలభయ్యవ అక్షరం ఏదని అడిగితే? సంఖ్య ఉంది, అక్షరం లేదు. చిరునామా ఉండి చోటు లేకపోవడం అంటే ఇదే.

3. సర్వే నంబరు, భూమి, పోరంబోకు:

చిరునామాకూ చోటుకూ ఉన్న భేదాన్ని ఇంకా విస్తారంగా చెప్పగల భాష భూమి లెక్కల్లో ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను ఇందుకు ఎంచుకోవడానికి కారణం చారిత్రకమైనది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచి వచ్చి చేరింది. అది 1800లో నిజాం కంపెనీకి వదిలిన దత్త మండలాల భాగం. అక్కడ థామస్ మన్రో హయాంలో రైత్వారీ పద్ధతి వేళ్లూనింది. పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు వైపువి. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వరకు నిలిచాయి. ఒక ప్రాంతంలో ప్రభుత్వం ప్రతి పొలాన్నీ దాని సంఖ్యతో నేరుగా గుర్తించింది. పక్కనే ఉన్న ప్రాంతాల్లో ముందు జమీని, ఆ తరువాత జమీ లోపలి పొలాన్ని గుర్తించవలసి వచ్చింది. చిరునామా చెప్పే రెండు పద్ధతులు ఇరుగుపొరుగున నడిచిన చోటిది.

ఇక యంత్రం వైపు చూద్దాం. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలోని ఇంటెల్ 8088 ప్రాసెసరుకు 20 చిరునామా తీగలున్నాయి. 20 తీగలతో చెప్పగల సంఖ్యలు 10,48,576. ఇది ఊరి సర్వే నంబర్ల మొత్తం అనుకోవచ్చు. అప్పటి యంత్రంలో నిజంగా అమర్చిన మెమరీ 16 నుంచి 64 కిలోబైట్లతో మొదలైంది. అంటే సంఖ్యలు విస్తారం, సాగుభూమి కొంచెం. రూపకర్తలు ఈ సంఖ్యలను 64 కిలోబైట్ల చొప్పున 16 ఖండాలుగా చూశారు. మొదటి 10 ఖండాలు, అంటే 640 కిలోబైట్లు, ప్రోగ్రాములకు వదిలారు. మిగిలిన 6 ఖండాలను యంత్రం సొంత అవసరాలకు కేటాయించారు. షోడశాంక లెక్కలో ఏ, బి ఖండాలు తెర కోసం. సి, డి, ఇ ఖండాలు అదనంగా గుచ్చే కార్డుల కోసం. చివరి ఎఫ్ ఖండం యంత్రాన్ని మేల్కొలిపే బయాస్ కోసం.

రెవిన్యూ భాషలో ఇది పోరంబోకు. చెరువు పోరంబోకు, బాట పోరంబోకు అన్నట్టే తెర పోరంబోకు, బయాస్ పోరంబోకు. ఆ నంబర్లు పటంలో ఉంటాయి, వాటికి ఉపయోగం కూడా ఉంటుంది, కాని రైతుకు పట్టా రాదు. ఊరి విస్తీర్ణమంతా సాగుకు ఎందుకు రాదని ఈ ప్రాంతపు రైతు అడగడు. ఈ మాట తెలిసిన విద్యార్థి కూడా 384 కిలోబైట్లు ఎక్కడికి పోయాయని అడగడు. 'జ్ఞాపకశక్తి' దాటలేని పరీక్షను 'పోరంబోకు' ఒక్క మాటతో దాటింది.

ఈ పటం మొదటి గడులు కూడా ఖాళీ కావు. తొలి 1,024 బైట్లలో అంతరాయాల పట్టిక ఉంటుంది. ఒక్కొక్కటి 4 బైట్ల చొప్పున 256 పద్దులు. ఆ తరువాత బయాస్ తన లెక్కలు రాసుకునే భాగం వస్తుంది. యంత్రంలో మొదటి 640లో ఎన్ని కిలోబైట్లు నిజంగా ఉన్నాయో రాసి ఉంచే గడి కూడా అందులోనే ఉంది. నంబరు ఎంత ఉన్నా, ఈ ఏడు నిజంగా ఏం సాగైందో అడంగల్ చెబుతుంది. ఆ గడి చేసే పని అలాంటిది.

4. జమీ, కళ్లం, శివాయి జమా:

8088 లోపలి రిజిస్టర్లు 16 బిట్లవి. 16 బిట్లతో 65,536 వరకే చెప్పగలం. 20 బిట్ల చిరునామా చెప్పడానికి ఇంటెల్ రెండు సంఖ్యల పద్ధతి పెట్టింది. మొదటిది ఖండం, రెండవది ఆ ఖండం మొదలు నుంచి దూరం. ఖండ సంఖ్యను 16తో గుణించి దూరాన్ని కూడితే అసలు చిరునామా వస్తుంది. జమీ పేరు, జమీ లోపలి పొలం అన్న పుంగనూరు పద్ధతి ఇది. 1985లో వచ్చిన 386 ప్రాసెసరు 32 బిట్ల చిరునామాతో 4 గిగాబైట్లను ఒకే వరుస సంఖ్యలో చెప్పే వీలు కల్పించింది. అది మదనపల్లె పద్ధతి. జమీందారీల రద్దు తరువాత కూడా పాత కాగితాలు వెంటనే చెల్లకుండా పోలేదు. అదే విధంగా కొత్త ప్రాసెసర్లూ పాత డాస్ ప్రోగ్రాముల కోసం ఖండాల పద్ధతిని మోస్తూ వచ్చాయి.

640 కిలోబైట్లు చాలనప్పుడు మూడు మార్గాలు వచ్చాయి. మూడూ చిరునామా, చోటు భేదం మీదే నడిచాయి.

మొదటిది 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ప్రకటించిన విస్తరిత మెమరీ ప్రమాణం. పోరంబోకులో 64 కిలోబైట్ల చోటు తీసుకుని, దానిని 16 కిలోబైట్ల చొప్పున నాలుగు కిటికీలు చేశారు. కార్డు మీద మెగాబైట్ల కొద్దీ మెమరీ ఉంటుంది. అందులో ఏ పుట కావాలంటే ఆ పుట ఆ కిటికీలోకి వస్తుంది. ఊరికి ఉన్న నాలుగు కళ్లాల్లో రైతులు వంతులవారీగా పంట నూర్చుకోవడం వంటిదిది. కళ్లం మారదు, దాని మీది పంట మారుతుంది. చిరునామా ఒకటే, దాని వెనుక చోటు మారుతూ ఉంటుంది.

రెండవది 1984 నాటి పీసీ ఏటీతో వచ్చింది. అందులోని 286కు 24 తీగలు, 16 మెగాబైట్ల పరిధి ఉన్నాయి. 1 మెగాబైటు పైన కొత్త భూమి దొరికింది. కాని డాస్ తన సహజ స్థితిలో దానిని దున్నలేదు. పైగా కొన్ని పాత ప్రోగ్రాములు 1 మెగాబైటు దాటిన చిరునామా తిరిగి సున్నాకు వస్తుందన్న నమ్మకంతో రాసినవి. వాటి కోసం ఐబీఎం 21వ తీగకు గేటు పెట్టి, దాని తాళాన్ని కీబోర్డు నియంత్రకానికి అప్పగించింది. ఆ గేటు తెరిస్తే డాస్ స్థితిలోనే సరిహద్దు పైన 65,520 బైట్లు అందుతాయి. 1991లో వచ్చిన డాస్ 5 తన శరీరంలో కొంత భాగాన్ని అక్కడికి మార్చుకొని, కింద ప్రోగ్రాములకు చోటు విడిచింది.

మూడవది పోరంబోకులోని ఖాళీలను వాడుకోవడం. కార్డులు లేని చోట డి, ఇ ఖండాలు ఊరికే ఉంటాయి. 386లోని పుటల యంత్రాంగంతో ఆ ఖాళీ చిరునామాల కింద వేరే చోటి మెమరీని చేర్చి చిన్న ప్రోగ్రాములను అక్కడ నిలిపారు. ప్రభుత్వ భూమిలో అనుమతి లేని సాగును రెవిన్యూ ఉద్యోగులు శివాయి జమా అంటారు. పట్టా లేకపోయినా లెక్కలోకి ఎక్కే సాగు అది. కొత్త కార్డు గుచ్చిన రోజు ఆ సాగు ఖాళీ చేయవలసిందే. రెండూ ఒకే చిరునామా కోసం పోటీపడితే యంత్రం ఆగిపోయేది.

4 గిగాబైట్ల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 32 తీగల పటంలో పైభాగాన్ని తెర కార్డు వంటి పరికరాలు పోరంబోకుగా తీసుకున్నాయి. ఆ నంబర్ల కింద ఉండవలసిన మెమరీకి నంబరు లేకుండా పోయింది. మదర్‌బోర్డు ఒప్పుకుంటే ఆ చోటుకు 4 గిగాబైట్ల పైన కొత్త చిరునామాలు ఇవ్వవచ్చు. చెరువు కింద మునిగిన పొలానికి వేరే నంబరులో భూమి చూపించినట్టే. అయితే ఆ కొత్త నంబర్లను చదవగల నిర్వహణ వ్యవస్థ ఉండాలి.

5. పోలిక తెగే చోట్లు:

పోలికను మెచ్చుకోవడంతో విమర్శ పూర్తికాదు. భూమి పోలిక మూడు చోట్ల తెగుతుంది. భూమిపై ఒకే పొలానికి రెండు నంబర్లు ఉంటే అది వ్యాజ్యం. ఖండాల పద్ధతిలో అది నిత్యవ్యవహారం. బి800:0000, బి000:8000 అనే రెండు పేర్లూ ఒకే గడిని చూపుతాయి. ఒక గడికి ఇలాంటి పేర్లు 4,096 వరకు ఉండగలవు. జమీలు ఒకదానిపై ఒకటి పరచుకోవు, ఖండాలు 16 బైట్లకొకటి చొప్పున పరచుకుంటాయి. రెండవది, సర్వే నంబరు కింద రాయో నీరో ఏదో ఒకటి ఉంటుంది. చిరునామా కింద ఏమీ లేకపోవచ్చు. మూడవది, భూమి పక్కకు జరగదు. మెమరీ చోటు క్షణంలో వేరే నంబరుకు మారుతుంది.

అందువల్ల రెండు పోలికలనూ కలిపి వాడాలి. ఖాళీ చిరునామాను వ్యస్తాక్షరి బాగా చెబుతుంది. కేటాయింపును సర్వే నంబరు బాగా చెబుతుంది. ఒకే గడికి పలు పేర్లు ఉండటాన్ని రెండూ చెప్పలేవు. అక్కడ లెక్క వేసి చూపించడమే మార్గం.

6. తెలుగు లిపికి పటంలో చోటు:

ఈ భేదం తెలుగువారికి కేవలం సాంకేతిక విషయం కాదు. పాత కంప్యూటరు తెరపై అక్షరం ఎలా కనిపించేదో చూస్తే అది తెలుస్తుంది. రంగుల తెర అక్షరస్థితిలో బి8000 చిరునామా నుంచి 80 నిలువు, 25 అడ్డు వరుసల గడులు ఉంటాయి. మొత్తం 2,000 గడులు. గడికి 2 బైట్లు, ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకు. 4,000 బైట్లతో తెర నిండేది. ఒక బైటు అంటే 256 ఆకారాలు. వాటి బొమ్మలు తెర కార్డులోనే ముందుగా చెక్కి ఉండేవి. అన్ని గడులకూ ఒకే వెడల్పు, ఒకే ఎత్తు. గుణింతాలు, కిందికి దిగే ఒత్తులు, హల్లుకొక వెడల్పు ఉన్న తెలుగుకు ఆ గడిలో ఇమిడే దారి లేదు.

తెలుగు రాయాలంటే తెరను చుక్కలుగా గీయాలి. వీజీఏ 640×480 చుక్కల తెరకు 16 రంగులతో 1,53,600 బైట్లు కావాలి. అంటే అక్షరస్థితికి 38 రెట్లు. పోరంబోకులో ఆ తెరకు దక్కిన కిటికీ 64 కిలోబైట్లే. కాబట్టి నాలుగు పొరలను ఒకే చిరునామా వెనుక పేర్చారు. తెలుగు అక్షరం తెరపైకి రావాలన్నా చిరునామా వేరు, చోటు వేరు అన్న సూత్రం మీదుగానే రావలసి వచ్చింది. ఐఐటీ కాన్పూరులో మొదలై సీడాక్‌లో పెరిగిన జిస్ట్ సాంకేతికత ఈ భారాన్ని ఒక ప్రత్యేక కార్డుకు అప్పగించింది. డాస్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపులు కనిపించే వీలు కల్పించింది. భారత ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ఇస్కీ సంకేతం పై 128 సంఖ్యల్లో భారతీయ లిపులకు ఉమ్మడి వరుసను ఏర్పరచింది.

విండోస్ కాలంలో ఫాంట్లు విరివిగా వచ్చినప్పుడు ఈ ఉమ్మడి వరుస చెదిరింది. ఒక్కొక్క ఫాంటు తయారీదారు 256 సంఖ్యల్లో తనకు నచ్చిన ముక్కను తనకు నచ్చిన సంఖ్యలో పెట్టుకున్నాడు. ఒకే నంబరుకు ఊరికొక పొలం అయింది. తెరపై అక్షరం అందంగా కనిపించినందువల్ల లోపల నిల్వ అయినది అక్షరం కాదని, ఒక ఫాంటులో మాత్రమే అర్థమున్న సంఖ్య అని చాలామంది గ్రహించలేదు. ఆ కాలంలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథాలు, పత్రికల పుటలు ఈనాడు తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించడం ఈ పత్రిక చదువరులకు అనుభవమే. చోటు చెక్కుచెదరలేదు, బైట్లు భద్రంగానే ఉన్నాయి. పోయినది చిరునామాకు అర్థం చెప్పే పటం. యూనికోడ్ తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలను స్థిరపరచింది. ఊరి పటం ఒకటే అయింది. పాత కాగితాలను కొత్త నంబర్లలోకి మార్చే పని మాత్రం పూర్తి కాలేదు. మనం 'జ్ఞాపకశక్తి' అన్నదాని వైఫల్యం శక్తి తగ్గడం వల్ల కాదు, పటం పోవడం వల్ల అని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు.

7. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి. మొదటిది, కంప్యూటరు సందర్భంలో 'జ్ఞాపకశక్తి' అనే మాటను విడిచిపెట్టాలి. 'మెమరీ' తెలుగులో స్థిరపడిన మాట, పరికరానికి అది చాలు. రెండవది, 'చిరునామా', 'చోటు' అనే రెండు మాటలను ఎప్పుడూ వేరుగా, నియమంగా వాడాలి. మూడవది, వివరణకు వ్యస్తాక్షరి, సర్వే నంబరు, పోరంబోకు వంటి పోలికలను వాటి పరిమితులతో సహా బోధించాలి.

పొరుగు భాష అనుభవం కూడా ఇదే చెబుతుంది. తమిళం కంప్యూటరు మెమరీని 'నినైవగం' అంటుంది. 'నినైవు' తలపు, 'అగం' ఇల్లు. అక్కడ శక్తి లేదు, చోటు ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థలో ద్రావిడ భాషల సాంకేతిక పదాలను పక్కపక్కన పెట్టి, ఏ మాట ఏ ఆలోచనకు దారి తీస్తుందో తులనాత్మకంగా పరిశోధించవచ్చు. ఆ పని పదకోశంలో ఒక పద్దు చేర్చడంతో ఆగకూడదు. పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగు సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్‌లోకి తెచ్చే పరిశోధకుడికి కూడా మొదట కావలసింది ఈ భేదజ్ఞానమే. అతని చేతిలోని ఫైలులో తెలుగు అంతా ఉంది, దాని చిరునామా మాత్రం తెలియాలి.